చుక్క రాలని మేస్త్రి

ఆగాగు తల్లీ. ఏంటా చేతిలోది? తెల్ల టేపా? కాసేపు అలా పక్కన పెట్టు. పెట్టి, ఆ స్టూలు ఇటు లాక్కుని కూర్చో. పని ఎక్కడికీ పారిపోదులే, బండీ నీదే, గేర్ల వేడి చూపించే మీటరూ నీదే. మొక్కల లోడు రేపు పొద్దున కదా ఎత్తేది, బోలెడు టైముంది. ఆ టేపు ఎక్కడిది? మీ తాత పనిముట్ల పెట్టెలోదా? అనుకున్నా. ఆ పెట్టె మూత తీస్తే కిర్రుమని ఒక చప్పుడు వస్తుంది చూడు, ఇందాక లోపల పడుకునే విన్నాను. ఇరవై ఏళ్ళయింది ఆ చప్పుడు విని. ఒక్క క్షణం మా బావే వచ్చాడనుకున్నా. అవునులే, నవ్వు. ముసలాడికి మతి పోయిందని నవ్వు. కానీ ఆ టేపు మాత్రం చుట్టకు. ఎందుకంటే ఏం చెప్పను... చెప్పకూడదు అసలు. మాటిచ్చాను. ఆయనకి ఇచ్చిన మాట ఆయన మనవరాలి దగ్గరే తప్పాల్సి వస్తుందని ఎవరనుకున్నారు.

మీ తాతని నువ్వు సరిగ్గా చూడలేదు, ఆయన పోయేనాటికి నీకు ఐదో ఆరో ఏళ్ళు. మా ఆవిడకి అన్న, నాకు బావ. ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాడు లేడు, చుక్క రాలని మేస్త్రి అనేవాళ్ళు. కుళాయిల పని. ఆయన బిగించిన గొట్టం కారిందన్న మాట నేను వినలేదు, ఇంకెవరూ వినలేదు. పని అయ్యాక ఏం చేసేవాడో తెలుసా? అతుకు కింద ఒక పొడి కాగితం పరిచేవాడు. పరిచి, బయటికెళ్ళి తీరిగ్గా ఒక టీ తాగి వచ్చేవాడు. వచ్చి కాగితాన్ని అరచేత్తో ఇలా రాసి చూసి, "చుక్క రాలదు" అని ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పెట్టె తీసుకుని వెళ్ళిపోయేవాడు. అంతే, ఇంకో మాట లేదు. మళ్ళీ పిలవాల్సిన పని పడేది కాదు. గొట్టాలు కారకుండా మరలకి చుట్టే ఈ టేపంటే ఆయనకున్న పిచ్చి మాత్రం చెప్పనలవి కాదు. మర అన్నది కనిపిస్తే చాలు, టేపు చుట్టాల్సిందే. ఎవరైనా రెండు చుట్లు చుడతారు, ఆయన ఎనిమిది. గొడుగు పిడి ఊడితే అదే టేపు. కళ్ళజోడు కాలు విరిగితే అదే టేపు. మీ నాన్న మూడు చక్రాల సైకిలు గంట ఊడిపోతే దానికీ ఎనిమిది చుట్లు చుట్టాడు, ఆ తర్వాత అది మోగితే ఒట్టు. ఏమంటున్నాను? ఆఁ, మీటరు.

నా బండి నువ్వు ఫోటోలో చూశావు కదా, నీలం రంగుది. గాజు ఫ్యాక్టరీకి తోలేవాణ్ని. కింద ఫ్యాక్టరీ, పైన కొండ మీద ఊరు. కిటికీలకీ అంగళ్ళకీ వేసే పెద్ద పెద్ద గాజు పలకల్ని చెక్క చట్రంలో నిలబెట్టి, మధ్య మధ్య గడ్డి కూరి ఎక్కించేవాళ్ళు. గాజు లోడంటే ఏంటో తెలుసా, మన పక్కన నడిచి వచ్చేవాడు మన కంటే ముందు ఊరు చేరతాడు. అంత నెమ్మది. గుంట కనిపిస్తే దండం పెట్టి దిగాలి. నాదేమో ఆటోమేటిక్ గేర్ల బండి. అప్పట్లో అది గొప్ప, కాలు నొప్పి లేదు, క్లచ్ లేదు అని మురిసిపోయి కొన్నాను. ఆ గేర్లకి మెల్లగా కొండెక్కడం అంటే చచ్చేంత పని. లోపల నూనె చిలికి చిలికి కాగిపోతుంది. గాజు లోడు మొదలెట్టిన మూడో నెలలోనే నా గేరుబాక్సు కాలి కూర్చుంది. మా పొట్టి మెకానిక్ దాన్ని విప్పి, నల్లగా మాడిన నూనె వేలికి రాసుకుని నా ముక్కు దగ్గర పెట్టాడు. "వాసన చూడన్నా. మాడిన పాల గిన్నెలా లేదూ? ఇంకోసారి ఇలా చేశావంటే ఈ బండి తూకానికి పోవాల్సిందే, నేను ముట్టుకోను. వేడి చూపించే మీటరు పెట్టించుకో. కంపెనీవాడిచ్చిన ఎర్ర లైటు ఉందిగా అనకు, అది వెలిగేసరికి చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే." మరి నువ్వే పెట్టరా బాబూ అంటే, పెట్టడట. నూనె గొట్టం కోసి మధ్యలో మూడు మూతుల ఇత్తడి ముక్క వెయ్యాలి, అందులో వేడి పసిగట్టే సెన్సరు బిగించాలి, "కోసి అతికే పని నాది కాదన్నా, గొట్టాలవాణ్ని పిలుచుకో" అన్నాడు.

గొట్టాలవాడు మా ఇంటి మనిషే, పిలవడానికి నాకు మొహం లేదు. ఎందుకంటే బండి కొన్న రోజు మా బావ దాని చుట్టూ ఒకసారి తిరిగి, కిందికి వంగి చూసి, "ఈ నూనె గొట్టం ఇంత సన్నంగా ఉందేంటి బావా, కొండెక్కితే చల్లారుతుందా?" అన్నాడు. అందరూ ఉన్నారు. నేను కొత్త బండి మత్తులో ఉన్నాను. "కుళాయిలు బిగించేవాడివి, బండి సంగతి నీకెందుకు బావా" అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ తర్వాత ఏడాది పాటు మా గడప తొక్కలేదు. చెల్లెల్ని చూడాలనిపిస్తే వీధి చివర నిలబడి కబురు పెట్టేవాడు. నాకు తెలుసు తప్పు నాదేనని, కానీ నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఇప్పుడాయన చెప్పిన గొట్టమే నా కొంప ముంచింది. ఏ మొహం పెట్టుకుని పిలవను? మా ఆవిడే వెళ్ళింది. ఏం చెప్పిందో ఈనాటికీ నాకు చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే కిర్రుమని పెట్టె చప్పుడు. నా మొహం చూడకుండా, "బండి ఎక్కడ?" అన్నాడు. అంతే. ఒక ఏడాది కోపానికి ఆ ఒక్క మాటే.

ఎంత ముచ్చటగా చేశాడనుకున్నావ్! నేను మీటరు తెచ్చిన డబ్బాలో ఒక కాగితం ఉంది, ఇంతింత చిన్న అక్షరాలు, ఏ దేశపు భాషో మాకు తెలియదు. బొమ్మలున్నాయి. బొమ్మలు ఎవడు చూస్తాడు! ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, పొడి కాగితం పనికొస్తుందని. బండి కింద పడుకుని, గేరుబాక్సు నుంచి నూనె చల్లార్చే కూలర్‌కి వెళ్ళే గొట్టాన్ని వెన్న కోసినట్టు కోశాడు. అంచులు ఆకురాయితో గీకి, లోపల రవ్వంత ఇనప పొడి లేకుండా గుడ్డతో తుడిచి, ఇత్తడి ముక్క వేశాడు. తీగ పని నాది. మీటరు కిటికీ పక్క కమ్మికి బిగించాను, కళ్ళెదురుగా. కేబిను నేలలో కన్నం వేసి, తీగ కోసుకుపోకుండా రబ్బరు బిళ్ళ పెట్టి కిందికి దించాను. మా ఆవిడ గోళ్ళ రంగు సీసా తెచ్చి, మెకానిక్ చెప్పిన చోట మీటరు అద్దం మీద ఎర్రగా ఒక గీత గీసింది, ఇది దాటితే ఆపెయ్యి అని. అప్పుడు కింద నుంచి మీ తాత అడిగాడు. "బావా, ఈ సెన్సరుకి ఒకటే తీగుంది. కరెంటుకి రెండు కావాలి కదా, రెండోది ఏది?" నేను పెద్ద తెలిసినవాడిలా, "బండి ఇనుమే రెండో తీగ బావా. సెన్సరు మరలు ఇత్తడికి తగులుతాయి, ఇత్తడి గొట్టానికి, గొట్టం గేరుబాక్సుకి. అదే ఎర్త్" అన్నాను. "ఓహో" అన్నాడు. అని, తెల్ల టేపు తీశాడు. సెన్సరు మరల చుట్టూ ఒకటి, రెండు, మూడు... ఎనిమిది చుట్లు. ఆ మరలు ఇత్తడికి తగలాలని ఇప్పుడే చెప్పినవాణ్ని, నేను పక్కనే లైటు పట్టుకుని ఉన్నాను తల్లీ. ఆ టేపు చూస్తూనే ఉన్నాను. ఎంత నీటుగా చుడుతున్నాడో అనుకున్నాను, అంతే. ఆయనకి గొట్టం తెలుసు, నాకు కరెంటు తెలుసు, ఇద్దరి బుర్రలూ కలిపితే ఒక మనిషి తెలివి కూడా రాలేదు. కాగితం పరిచాడు, టీ తాగాం, వచ్చి రాసి చూశాడు. "చుక్క రాలదు." కాగితం మడిచి మళ్ళీ జేబులోకి.

ఆ రోజే లోడు. పైన ఊళ్ళో కొత్త ఆసుపత్రికి కిటికీల గాజు. నేనెందుకు చెప్తున్నానో చూడు, ఒక గేరుబాక్సు కాల్చుకున్నవాడికి మళ్ళీ లోడిచ్చారంటేనే గొప్ప, ఇది దారిలో ఆగిందంటే ఫ్యాక్టరీవాళ్ళు నా బండి గేటు లోపలికి రానివ్వరు. గేరుబాక్సు పోతే బండే పోతుంది. మళ్ళీ వెళ్ళి ఎవడి బండికో డ్రైవరుగా చేతులు కట్టుకోవాలి. మీ తాత, "నా అతుకు ఎలా ఉంటుందో చూడాలి" అంటూ పక్క సీట్లో ఎక్కాడు. పాపం చూడాలని కాదు, నాకేమవుతుందోనని భయం, అలా అనడు. కొండ మొదలైంది. మీటరు ముల్లు అడుగున ఉంది, చల్లగా. మొదటి మలుపు, చల్లగా. మూడో మలుపు, చల్లగా. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. "చూశావా బావా, నీ చెయ్యి పడగానే బండి చల్లబడింది" అన్నాను. పాట కూడా అందుకున్నాను అనుకుంటా. ఆయన మాత్రం ముల్లు వంకే చూస్తున్నాడు. ఆరో మలుపు దగ్గర మెల్లగా అన్నాడు, "బావా, బండి పక్కకి తియ్యి." ఎందుకూ అన్నాను, కొండ మధ్యలో గాజు లోడుతో ఆపడం ఏంటి. "చల్లగా ఉంది బావా" అన్నాను. అప్పుడాయన అన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను. "వేడినీళ్ళ కుళాయి తిప్పి, చెయ్యి పెడితే చల్లగా తగిలిందనుకో. నీళ్ళు చల్లగా ఉన్నాయని కాదు బావా, వేడినీళ్ళు అక్కడిదాకా రావట్లేదని."

ఆపాను. ఇష్టం లేకుండానే ఆపాను, ఒప్పుకుంటా. చక్రాలకి రాళ్ళు పెట్టాం. ఆయన కింద దూరి, గొట్టానికి అరచెయ్యి కాదు, చేతి వెనక పక్క ఆనించి పెట్టాడు, ఇలా, గొట్టాలవాళ్ళు అలాగే చూస్తారు. పెట్టి చటుక్కున లాక్కున్నాడు. రెండు వేళ్ళు పొక్కాయి. "కాగిపోతోంది" అన్నాడు. తలుపు పట్టుకుని నిలబడ్డాను. అప్పటికే వాసన సన్నగా వస్తోంది, నేను పాట పాడుతుంటే నా ముక్కుకి ఏం తెలుస్తుంది! ఇంకో రెండు మలుపులెక్కి ఉంటే అయిపోయేది, బండి అక్కడే. ఇంజను ఆపకుండా న్యూట్రల్‌లో పెట్టి, కొంచెం రెయిజు చేసి ఉంచాను. అలా అయితే నూనె కూలర్‌లో తిరిగి చల్లారుతుంది, ఆ మాట మెకానిక్ ముందే చెప్పాడు. నీకూ చెప్తున్నా, గుర్తుంచుకో, వేడెక్కితే వెంటనే ఇంజను ఆపకూడదు. గంట సేపు ఇద్దరం రోడ్డు పక్కన కూర్చున్నాం. ఆయన సెన్సరు వంకే చూస్తున్నాడు. నేను ఆయన వంక చూస్తున్నాను. ఉన్నట్టుండి, "బండి ఇనుమే రెండో తీగ అన్నావు కదా" అన్నాడు. నాకు అప్పుడు తట్టింది. ఇద్దరికీ ఒక్కసారే తట్టింది. టేపు అడ్డం పడి మరలు ఇత్తడికి తగలట్లేదు, కరెంటు పారక ముల్లు అడుగునే పడి ఉంది. ఆయన నా మొహంలోకి చూసి, "నా చేతి తప్పు బావా" అన్నాడు. ఇప్పుడు చెప్పు, నేనేం అనాలి? లైటు పట్టుకుని చూస్తూ ఊరుకున్నది నేనేగా, సగం తప్పు నాది అనాలా వద్దా? అనలేదు. నోరు రాలేదు. ఏడాది కిందట నవ్వులపాలు చేసిన నోరే అది, ఆ ఒక్క మాట అనలేకపోయింది. "పోనీలే బావా" అన్నాను, పెద్ద క్షమించేవాడిలా.

ఇంజను ఆపి, చల్లారాక సెన్సరు విప్పాడు. చాకుతో టేపంతా గీకేశాడు. ఒక్క పోగు లేకుండా, ఉత్త మరలు. టేపు లేకుండా మర బిగించడం అంటే ఆయనకి చొక్కా లేకుండా వీధిలోకి వెళ్ళడమే. బిగించాడు. నేను తాళం తిప్పాను. ముల్లు లేచింది తల్లీ! అలా మెల్లగా లేచి, ఎర్ర గీతకి ఇంత కింద ఆగింది. చల్లగా ఉందని చూపిస్తే పాట పాడినవాణ్ని, వేడిగా ఉందని చూపిస్తే ఏడ్చాను. స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను, హమ్మయ్య అని. తల ఎత్తి చూస్తే మీ తాత కనపడడు. కిందికి వంగాను. ఆయన ఆ మీటరు కాగితం అతుకు కింద పరిచి, దాని ముందు కూర్చున్నాడు. చూస్తుండగానే టప్ మని ఒక చుక్క పడింది. ఎక్కడ పడిందంటే, ఆ కాగితం మీద ఒక బొమ్మ దగ్గర. వంగి చూస్తే ఆ బొమ్మ ఏంటనుకున్నావ్, టేపు చుట్ట, దాని మీద అడ్డంగా ఇంత లావు గీత. చుట్టొద్దురా నాయనా అని వాళ్ళు బొమ్మ గీసి మరీ చెప్పారు, మేం దాన్ని జేబులో పెట్టుకుని తిరిగాం. నాకు నవ్వాగలేదు. ఆయన నవ్వలేదు. "బావా, ఈ చుక్క సంగతి ఎవరికీ చెప్పకు" అన్నాడు. అంత పెద్ద మనిషి, బతిమాలినట్టు. చెప్పనన్నాను.

తర్వాత బండి కొండెక్కింది. ముల్లు గీత దగ్గరికొస్తే ఆపడం, దిగితే కదలడం. రెండుసార్లు ఆపాం. చీకటి పడకముందే ఆసుపత్రి గేటు ముందు ఉన్నాం, ఒక్క పలక చిట్లలేదు. వాళ్ళు గాజు దింపుతుంటే ఇద్దరం ఆ గోడకి చేరగిలబడి, బతుకు జీవుడా అనుకుంటూ కాళ్ళు చాపుకుని కూర్చున్నాం. అంత హాయి నేను మళ్ళీ ఎరగను. మర్నాడు పొట్టి మెకానిక్ నూనె చూసే కమ్మి లాగి వాసన చూసి, మళ్ళీ చూసి, "కొంచెం రంగు మారింది, మాడలేదు. నూనె మార్చుకుని పో. అదృష్టవంతుడివన్నా" అన్నాడు. అదే గేరుబాక్సు, అదే మీటరు, పద్దెనిమిదేళ్ళు నడిపాను ఆ బండి. ఆ ముల్లు ఏం చెప్తే అది విన్నాను.

చుక్క కూడా పద్దెనిమిదేళ్ళు పడింది. ఎక్కువ కాదు, రాత్రికి నాలుగైదు చుక్కలు. ఇల్లు చేరగానే దాని కింద ఒక చిన్న రేకు డబ్బా పెట్టేవాణ్ని. మా ఆవిడ అడిగితే ఇంజనాయిలు అని చెప్పేవాణ్ని, పాపం నమ్మేది. మీ తాత రెండుసార్లు పెట్టె పట్టుకుని వచ్చాడు, ఏదో పూత వచ్చిందట, టేపు లేకుండానే కారదట, మారుస్తానన్నాడు. నేను ముట్టుకోనివ్వలేదు. "ముల్లు నిజం చెప్తోంది కదా బావా, కారనీ" అన్నాను. ఆయన మా ఇంటికొచ్చినప్పుడల్లా ముందు ఆ డబ్బా దగ్గరికి వెళ్ళి, తొంగి చూసి, తనే ఎత్తి పారబోసి వచ్చి కూర్చునేవాడు. నేను చూడనట్టు ఉండేవాణ్ని. ఆయన పోయిన రోజు ఇంటి నిండా జనం. ఎవరో పెద్దాయన అన్నాడు, మేస్త్రి చేతి అతుకు ఒక్కటి కారితే నా చెవి కోసుకుంటానని. నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. అందరూ నావంక చూశారు. అప్పుడైనా ఆ శవం పక్కన కూర్చుని, బావా, సగం తప్పు నాది అందామనుకున్నాను. చుట్టూ జనం. అనలేదు. అదీ సంగతి. ఇరవై ఏళ్ళుగా గొంతులో ముల్లులా ఉంది. ఇదిగో, ఇప్పుడంటున్నాను, విను. టేపు చుట్టింది మీ తాత, చుట్టనిచ్చింది నేను. సగం నాది. అమ్మయ్య. నీ దగ్గరన్నా అన్నాను.

ఇంక లే, ఆ సెన్సరు మరలకి ఏమీ చుట్టకుండా బిగించు. చాలు, ఇంక తిప్పకు, మర పోతుంది. తీగ పెట్టావా? ఏదీ, తాళం తిప్పు. కాసేపు ఆగాలి, వేడెక్కాలిగా. ఆఁ... అదిగో. ముల్లు కదిలింది చూడు, కదిలింది! మీ తాత ఉంటే ఇప్పుడు కాగితం పరిచేవాడు. కింద చుక్క ఏమైనా... ఆఁ, ఉందిలే, మరేం ఫర్వాలేదు, తర్వాత పూత రాసుకుందువు గానీ. ఇప్పటికి ఏదైనా గిన్నె... ఇదిగో, మా ఆవిడే వస్తోంది! ఏంటే, నువ్వెందుకొచ్చావు? ఏంటది చేతిలో? ఆ డబ్బా... అది పారేశావనుకున్నానే, బండి అమ్మిన రోజున. దాచావా? ఎందుకు? ఇంజనాయిలు డబ్బా ఎవరైనా దాస్తారా? ... ఏంటీ? అది అతుకు నుంచి కారిన నూనేనని నీకెవరు చెప్పారు? మీ అన్నయ్యా? ఎప్పుడు? ... ఆ సాయంత్రమేనా! కొండ దిగి రాగానే? నన్ను చెప్పొద్దని బతిమాలి, ఆయన వచ్చి నీకు చెప్పాడా! మరి ఇన్నేళ్ళూ నువ్వు... ఏమన్నాడు? "సగం తప్పు మీ ఆయనది. ఆ మాట ఆయనంతట ఆయన అనేదాకా నీకు తెలుసని బయటపడకు" అన్నాడా.

అంటే, నేనంటానని అనుకున్నాడన్నమాట.

...

తల్లీ, ఆ డబ్బా కొంచెం ఎడమ పక్కకి జరుపు. చుక్క అక్కడ కాదు పడేది.